ఎంత కౌంట్? దేనికి కౌంట్?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర ఇద్దరు రైతులు ఎదురుపడితే, బాగోగుల తర్వాత వచ్చే మొదటి ప్రశ్న "ఎంత కౌంట్ నడస్తా ఉంది?" అనే. జవాబు "అరవై". కోవూరు మండలం పాటూరులో మగ్గం మీదున్న చీర నూలు గురించి అదే ప్రశ్న వేస్తే "ఎనభై" అని జవాబు. నెల్లూరు పొగతోటలో ఆస్పత్రి మెట్ల మీద నిలబడి ఫోన్‌లో బంధువులకు చెప్పే జవాబు "ఇరవై వేలు". మాట ఒక్కటే. అరవై అంటే దేనికి అరవై, ఇరవై వేలంటే ఎంతలో ఇరవై వేలు అని చెప్పేవాళ్లు ఎక్కడా లేరు, అడిగేవాళ్లూ లేరు. ఆ పనిలో ఉన్నవాళ్లకు అది చెప్పక్కర్లేదు. బయటివాళ్లు మాత్రం అంకె విని పెద్దదో చిన్నదో, మంచిదో చెడ్డదో తేల్చుకోలేక తలూపి ఊరుకుంటారు.

ఇంగ్లీషులో కౌంట్ అంటే లెక్క, లెక్కపెట్టడం అని బడిలో నేర్పిస్తారు. అది తప్పు కాదు గానీ, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ మాట బతుకుతున్న తీరుకి అది చాలదు. ఇక్కడ కౌంట్ అంటే ఊరికే ఎన్ని అని కాదు, దేనికి ఎన్ని అని. ఆ "దేనికి" అన్నదే పైకి వినపడదు.

రొయ్యల కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. 100 కౌంట్ అంటే కిలోకి వంద, ఒక్కోటి 10 గ్రాములు. 50 కౌంట్ అంటే 20 గ్రాములు. 30 కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాముల పైచిలుకు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. పేపర్లో "30 కౌంట్ ధర, 100 కౌంట్ ధర" అని పక్కపక్కనే వేసినప్పుడు, కొత్తగా చదివేవాళ్లకు వందకు తక్కువ ధర ఉండటం తలకిందులుగా కనిపిస్తుంది. గుంటల దగ్గర పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం అది అచ్చులు హల్లులతో పాటు వచ్చిన సంగతే.

ఈ కొలతలో ఇంకో మెలిక ఉంది. కౌంట్‌లో పది తగ్గడం అన్నిచోట్లా ఒకే పది కాదు. గుంటలో లక్ష రొయ్యలు బతికి ఉన్నాయనుకుందాం. 100 కౌంట్‌లో పట్టుబడి చేస్తే, అంటే రొయ్యలన్నీ పట్టేస్తే, టన్ను సరుకు. 90 కౌంట్ దాకా ఆగితే 1,111 కిలోలు, అంటే పది కౌంట్‌కి 111 కిలోలు కలిసొచ్చాయి. అదే గుంటలో 40 కౌంట్ దగ్గర రెండున్నర టన్నులు. 30కి వచ్చేసరికి 3,333 కిలోలు. ఇక్కడ కూడా తగ్గింది పదే, కలిసొచ్చింది మాత్రం 833 కిలోలు. పైగా పెద్ద సైజుకి కిలో ధర కూడా ఎక్కువ. "ఇంకొక్క పది రోజులు ఆగుదాం" అనే ఆశ అంతా ఈ లెక్కలోనే ఉంది. ఆ పది రోజుల్లో వైరస్ తగిలితే ఉన్నదీ పోతుందన్న టెన్షన్ కూడా ఇక్కడే మొదలవుతుంది. లక్షకు లక్షా బతకవు కాబట్టి అసలు లెక్క ఇంత సాఫీగా నడవదు. అయినా మొగ్గు ఎటు ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు గుంటల్లో ఎక్కువగా కనిపించే వనామీ రకం రొయ్య పెంపకానికి మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. అంతకు ముందు ఈ తీరంలో టైగర్ రొయ్యదే రాజ్యం. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ దాన్ని దెబ్బకొట్టింది. ఇప్పుడు వనామీకి ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవితో ఇబ్బంది. దానివల్ల రొయ్యలు ఒక్కసారిగా చచ్చిపోవు, ఎదగడం మానేస్తాయి. మేత పడుతూనే ఉంటుంది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, వారం వారం వల విసిరి చూస్తే కౌంట్ మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది. ఇలాంటప్పుడు రైతు కౌంట్ కదలడం లేదంటాడు. గుంట ఆరోగ్యం గురించి వేరే మాట చెప్పాల్సిన పని ఉండదు.

బేరం దగ్గర కౌంట్ ఎలా తేలుతుందో కూడా చూడాలి. వల లాగిన సరుకులోంచి కొన్ని కిలోలు తీసి తూచి, ఎన్ని ఉన్నాయో ఎంచుతారు. వచ్చేది సగటు. 60 కౌంట్ అని తేలిన సరుకులో 50వీ ఉంటాయి, 80వీ ఉంటాయి. బుట్ట పైనుంచి తీశారా, అడుగు నుంచి తీశారా అన్నదాని మీద ఒకటి రెండు కౌంట్లు అటూ ఇటూ అవుతాయి. ఆ ఒకటి రెండు కౌంట్ల దగ్గరే గొంతులు లేస్తాయి. కుబుసం విడిచి పెంకు మెత్తగా ఉన్న సాఫ్ట్ రొయ్యలకు ధరలో మళ్లీ వేరే కోత.

ఇంతా చేసి అదే రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటులోకి వెళ్లాక దాని కౌంట్ మారిపోతుంది. గుంట దగ్గర తలతో సహా కిలోకి లెక్క. అమెరికాకు వెళ్లే డబ్బా మీద తల తీసేశాక పౌనుకి లెక్క. 40 కౌంట్ రొయ్య 25 గ్రాములుంటే, తల తీసేస్తే సుమారు మూడో వంతు బరువు పోయి పదహారు పదిహేడు గ్రాములు మిగులుతుంది. పౌను అంటే 454 గ్రాములు, కాబట్టి పౌనుకు ఇరవై ఏడో ఎనిమిదో వస్తాయి. డబ్బా మీద దాన్ని 26/30, అంటే పౌనుకు 26 నుంచి 30 తూగే తరగతిలో వేస్తారు. ముత్తుకూరులో నలభై అయిన రొయ్య న్యూయార్క్ షాపులో ఇరవై ఏడు అవుతుందన్నమాట. ఇందులో మోసమేమీ లేదు. కిలో పౌనైంది, తల పోయింది, అంతే.

మగ్గాల దగ్గరికి వస్తే కౌంట్ ఇంకో రకంగా తలకిందులవుతుంది. నూలు కౌంట్ లెక్క బ్రిటిష్ మిల్లుల నుంచి వచ్చింది. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకి అలాంటివి ఎన్ని తూగుతాయో అదే కౌంట్. 80 కౌంట్ అంటే పౌనుకు ఎనభై చిలపలు, 67,200 గజాలు. కిలోమీటర్లలో చెప్పుకుంటే అరవై ఒకటి పైన. అరకిలో కూడా లేని నూలు విప్పుకుంటూ పోతే నెల్లూరు నుంచి కావలి దాకా పరచొచ్చు. 100 కౌంట్ అయితే పౌనుకు 77 కిలోమీటర్ల దాకా వస్తుంది. కౌంట్ పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, తెగే భయం పెరుగుతుంది, నేతగాడి కంటికి శ్రమ పెరుగుతుంది, చీర తేలికవుతుంది. వెంకటగిరి చీరకు ఆ పేరు రావడానికి జరీ ఎంత కారణమో ఈ సన్నని నూలూ అంతే కారణం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి, మరో నేత ఊరు చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. నేత మాటలకు మాత్రం ఆ హద్దులు తెలియవు.

రొయ్యలో పెద్ద కౌంట్ అంటే తక్కువ ధర, నూలులో పెద్ద కౌంట్ అంటే ఎక్కువ ధర. సూత్రం మాత్రం రెండిటికీ ఒకటే. బరువు కదలకుండా పెట్టి, అందులో ఎన్ని పడతాయో చూస్తున్నారు. ఎక్కువ పడ్డాయంటే ఒక్కోటి చిన్నదని అర్థం. రొయ్య చిన్నదైతే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు, దారం సన్నదైతే కళ్లకద్దుకుంటాడు. తేడా కొనేవాడి కోరికలో ఉంది, కొలతలో లేదు.

నూలు మూట మీద 2/120 అని రాసి ఉంటే తికమక పడాల్సిన పని లేదు. 120 కౌంట్ దారాలు రెండు కలిపి పురి పెట్టారని అర్థం. లావులో అది 60 కౌంట్‌తో సమానం, గట్టిదనంలో మెరుగు. పట్టు దగ్గరికి వస్తే ఈ లెక్క పనిచేయదు. అక్కడ డెనియర్. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఇక్కడ పొడవు కదలదు, బరువు మారుతుంది, కాబట్టి అంకె పెరిగితే పోగు లావైనట్టు. పడుగు పట్టు, పేక నూలు వేసి నేసే చీరలో ఒకే మగ్గం మీద రెండు ఎదురెదురు లెక్కలు నడుస్తుంటాయి.

దుప్పట్ల మీద "300 థ్రెడ్ కౌంట్" అని వేసే స్టిక్కర్‌కి దీంతో సంబంధం లేదు. అది చదరపు అంగుళంలో నిలువు పోగులు, అడ్డం పోగులు కలిపి ఎన్నున్నాయన్న లెక్క. దారం సన్నదో లావుదో అది నేరుగా చెప్పదు. కొన్ని కంపెనీలు ఒక దారంలోని పురులను కూడా విడివిడిగా లెక్కేసి అంకె పెంచుతాయి, అందుకని ఆ స్టిక్కర్‌ని మరీ నమ్మక్కర్లేదు. పోగులు ఎంచి బట్ట నాణ్యత చెప్పే పద్ధతి తెలుగు నేత ఊళ్లకు కొత్తేమీ కాదు. పుంజం అని ఒక లెక్క ఉండేది. పుంజానికి 120 పోగులు. బట్ట పన్నాలో ఎన్ని పుంజాలుంటే అంత మేలైన నేత. ఈస్టిండియా కంపెనీ దొరలు కూడా ఆ మాటతోనే బట్ట కొన్నారు. మిల్లు నూలు వచ్చాక కౌంట్ ముందుకొచ్చింది, పుంజం వెనక్కి పోయింది.

ఇక ఆస్పత్రి. "కౌంట్ పడిపోయింది" అంటే డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్లు తగ్గాయని. "కౌంట్ పెరిగింది" అంటే చాలాసార్లు తెల్లరక్తకణాలు పెరిగాయని, లోపల ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉండొచ్చని. రెండు కౌంట్లూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండూ మైక్రోలీటరు రక్తానికి లెక్క, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతుకి. పెద్దవాళ్లలో తెల్లకణాలు మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటాయి. ఇప్పుడు "కౌంట్ ఇరవై వేలు" అన్న మాట మళ్లీ వినండి. తెల్లకణాలైతే బాగా పెరిగినట్టు, ప్లేట్‌లెట్లైతే బాగా పడిపోయినట్టు. రెండూ డాక్టరు గట్టిగా పట్టించుకోవాల్సినవే గానీ, జబ్బు వేరు, వైద్యం వేరు. ఒంగోలు నుంచి ఫోన్ చేసిన మేనమామకు నెల్లూరు నుంచి "కౌంట్ ఇరవై వేలంట మామా" అని చెబితే, ఆయన ఏది ఊహించుకుంటాడన్నది ఆయన ఇంట్లో పోయినేడు ఎవరికి ఏ జ్వరం వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ప్లేట్‌లెట్ కౌంట్ చుట్టూ భయం పెరిగినంతగా అవగాహన పెరగలేదు. డెంగీలో ఆ అంకె ఒక్కటే రోగి పరిస్థితి చెప్పదు. జ్వరం దిగే రోజుల్లోనే అసలు ప్రమాదం ఉంటుంది. అప్పుడు రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారుతుందా లేదా అన్నది ముఖ్యం, అది పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరగడాన్నిబట్టి, బీపీని బట్టి తెలుస్తుంది. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించే ఆలోచన సాధారణంగా 10,000 లోపు పడినప్పుడే చేస్తారు. ఇంకో సంగతి, శాంపిల్ ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుంటే మెషిన్ వాటిని సరిగ్గా ఎంచలేక లేని తగ్గుదల చూపిస్తుంది. అనుమానం వస్తే గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూస్తారు. బస్తా బస్తా బొప్పాయి ఆకులు కోసుకొచ్చే ముందు ఆ కాగితంలో ఏ కౌంట్ ఎంతుందో డాక్టరు దగ్గర సరిగ్గా అడగడం మేలు.

ఇన్ని చోట్ల కౌంట్ పాతుకుపోయినా, లెక్క అన్న మన మాట ఎక్కడికీ పోలేదు. రెండూ పని పంచుకున్నాయి. మొత్తం చెప్పాల్సిన చోట లెక్క. బస్తాల లెక్క, కూలీల లెక్క, పెళ్లిలో చదివింపుల లెక్క. ఒకదానికి ఇన్ని అని చెప్పాల్సిన చోట కౌంట్. ఎన్నికల్లో ఓట్లు ఎంచే పనిని కౌంటింగ్ అంటారు, తేలిన ఓట్లను మాత్రం "మనకెన్ని పడ్డాయి" అనే అంటారు. బడిలో హెడ్ కౌంట్, ఫోన్‌లో అడుగుల కౌంట్ లాంటివి ఈ వరసలోకి రావు, నిజమే. అవి ఆఫీసు నుంచి, ఫోన్ నుంచి ఊడిపడిన మాటలు. గుంట, మగ్గం, ఆస్పత్రి దగ్గర నాటుకున్న కౌంట్ వేరు. చేపల మార్కెట్లో బుట్ట ముందు కూర్చున్న ఆమెను ఇంటికి రొయ్యలు కొనుక్కునేవాళ్లు "కిలోకి ఎన్ని తూగుతాయి?" అని అడుగుతారు. అదే ప్రశ్నను కంపెనీ ఏజెంటు "ఎంత కౌంట్?" అంటాడు. కొనేది కిలో అయితే తెలుగు, టన్ను అయితే ఇంగ్లీషు.

కొలత పేరు పలికి కొలతను దాచిపెట్టడం ఇంగ్లీషు మాటకే ఉన్న జబ్బు కూడా కాదు. నెల్లూరులో వడ్ల ధర పుట్టి లెక్కన చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. జిల్లా దాటి పోతే పుట్టి అన్న మాట ఉన్నా తూకం అదే అన్న గ్యారంటీ లేదు. పుట్టి ఊరినిబట్టి మారుతుంది, కౌంట్ వృత్తినిబట్టి మారుతుంది.

లెక్క అన్న మాటకు ఉన్న అర్థాల పెంపకం కూడా తక్కువేమీ కాదు. "నన్ను లెక్కచేయడు" అంటే గౌరవించడు. "అది లెక్కలోకి రాదు" అంటే పరిగణించక్కర్లేదు. "ఆ లెక్కన" అంటే ఆ ప్రకారం. "వాడి లెక్క తేలుస్తా" అంటే పారిపోవడం మంచిది. తెలంగాణలో "నా లెక్క" అంటే నాలాగా. నెల్లూరువాళ్లు దానికి "నా మాదిరి" అంటారు కాబట్టి ఆ అర్థం ఇటు రాలేదు. ఇంగ్లీషులో కూడా కౌంట్ సరిగ్గా ఇలాగే విస్తరించింది. మాట కౌంట్ అవుతుంది అంటే విలువ ఉందని, ఎవరి మీదైనా కౌంట్ చేయొచ్చు అంటే నమ్ముకోవచ్చని. లెక్కపెట్టడం నుంచి లెక్కచేయడం దాకా రెండు భాషలూ ఎవరినీ అడగకుండా ఒకే దారిన నడిచాయి.

ఇంగ్లీషు కౌంట్‌కి మూలం లాటిన్‌లోని కంప్యుటారే, కలిపి లెక్కించడం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అకౌంట్ దాని సంతానమే. డిస్కౌంట్ అంటే లెక్కలోంచి తీసేయడం. కంప్యూటర్ నేరుగా లాటిన్ రూపం నుంచి వచ్చిన చుట్టం. బ్యాంకులో, టికెట్ల దగ్గర కనిపించే కౌంటర్ కూడా ఇంట్లో మనిషే, డబ్బు ఎంచుకునే బల్లకు ఆ పేరు పెట్టారు. కానీ "వాడు భలే కౌంటర్ వేశాడు" అన్నప్పటి కౌంటర్, హైకోర్టులో ప్రభుత్వం దాఖలు చేసే కౌంటర్ ఈ ఇంటివి కావు. వాటి మూలం కాంట్రా, అంటే ఎదురు. టికెట్ కౌంటర్ దగ్గర చిల్లర లేదన్నవాడికి వెనకాల లైన్లోవాడు కౌంటర్ వేస్తే, పక్కపక్కన వినిపించిన ఆ రెండు మాటలకూ రెండు వేరే పుట్టిళ్లు.

యూరప్ దొరల బిరుదు కౌంట్ ఇంకా దూరం. దాని మూలం కోమెస్, తోడుగా వెళ్లేవాడు. రోమ్ చక్రవర్తి వెంట ఉండే కొలువు పెద్దలకు ఆ పేరు. ఇంటర్ ఫిజిక్స్‌లో కనిపించే కౌంట్ రమ్‌ఫర్డ్ ఆ రకం కౌంటే. ఫిరంగి గొట్టాన్ని తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి ఒక పదార్థం కాదని వాదించినవాడు. ఇంగ్లండులో మాత్రం ఆ హోదాను ఎర్ల్ అంటారు, ఆయన భార్య కౌంటెస్. కౌంటీ అన్న మాట కూడా ఆ బిరుదు నుంచే వచ్చింది. జిల్లా పెద్దను మనం కలెక్టర్ అంటాం, శిస్తు వసూలు చేసేవాడని. ఆ మాటలో నిజంగానే డబ్బు ఉంది, అక్కడి కౌంట్‌లో లేదు.

కోర్టు వార్తల్లో ఇంకో కౌంట్ తగులుతుంది. అక్కడ కౌంట్ అంటే విడివిడిగా మోపిన ఒక్కో అభియోగం. మెషిన్ అనువాదాలు దీని దగ్గరే బోర్లాపడి "మూడు గణనలలో దోషి" అని రాస్తాయి. మూడు అభియోగాల్లో దోషిగా తేలాడు అంటే సరిపోతుంది.

బడిపిల్లలను ఎక్కువగా ఏడిపించేది మాత్రం గ్రామర్‌లో కౌంటబుల్, అన్‌కౌంటబుల్. ఏది లెక్కకు వస్తుంది, ఏది రాదు అన్నది ప్రపంచంలోని వస్తువుల లక్షణం అన్నట్టు చాలామంది టీచర్లు చెబుతారు. అది భాష చేసుకున్న ఏర్పాటు మాత్రమే. తెలుగులో నీళ్లు, పాలు, వడ్లు, పెసలు అన్నీ బహువచనాలే. "నీళ్లు వచ్చాయి" అంటాం, "నీళ్లు వచ్చింది" అనం. అంగన్‌వాడీ పిల్ల కూడా ఇందులో తప్పు చేయదు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, ప్యాడీ ఏకవచనాలు, లెక్కకు రానివి. సలహాను మనం రెండు సలహాలు, మూడు సలహాలు అని ఎంచుతాం. ఇంగ్లీషు అడ్వైస్ ఎంచడానికి వీల్లేదు, అందుకే "అడ్వైసెస్" అని రాసిన పిల్లాడికి మార్కు పోతుంది. సమాచారం, ఫర్నిచర్ సంగతీ అంతే. కత్తెర మనకు ఒకటి, వాళ్లకు రూపంలో బహువచనం. వస్తువు చూసి ఊహించమంటే ఏ పిల్లాడూ ఊహించలేడు. అందుకే లక్షణాలు బట్టీ పట్టించే బదులు, తెలుగులో మనం ఎంచేవీ ఇంగ్లీషులో ఎంచనివీ ఒక పాతిక మాటలు జతగా రాసిస్తే ఆ పాఠం ఒక్క పూటలో అయిపోతుంది.

చివరిగా మిగిలింది కౌంట్‌డౌన్. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా, దశాబ్దాల పాటు నెల్లూరు జిల్లా పేరుతోనే వార్తల్లోకెక్కింది. కౌంట్‌డౌన్ అంటే గడియారాన్ని వెనక్కి తిప్పడం అనుకుంటే సగమే అర్థమైనట్టు. ప్రయోగానికి ఎంత టైముందో చెప్పే అంకె అది, కానీ ఒక్కో అంకె దగ్గర పూర్తి కావలసిన పనులుంటాయి. ఇంధనం నింపడం, వ్యవస్థలు సరిచూడటం. పని తేడా వస్తే అంకెను ఆపేస్తారు, బయట టైము మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగింది. వారం తర్వాత, జూలై 22 మధ్యాహ్నం 2.43కి రాకెట్ ఎగిరింది. రెండోసారి లెక్క ఆ 56 నిమిషాల దగ్గర నుంచి మొదలుకాలేదు, మళ్లీ ఇరవై గంటల నుంచి మొదలుపెట్టారు. మధ్యలో ట్యాంకుల్లోంచి ఇంధనం తీసేశారు కాబట్టి, పూర్తయిందనుకున్న పనుల్లో చాలావరకు మళ్లీ చేయాల్సినవే.